తళుకు తీసే అద్దాలు

2 ఆగస్టు 1982

యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా, ఎమ్మిగనూరు పురవాసి, నేతగాడు ఉచ్చీరప్ప అను నేను, బుద్ధి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా జారీ చేసే ఉత్తర్వు: ఈ దినం మొదలుకొని ఎల్లెల్సీ కాలువ నీళ్ల మీద ఎండ తళుక్కుమనడం నిషేధించడమైనది. సూర్యుడు మిద్దెల మీద కాయవచ్చు, ఆరబోసిన మిరపకాయల మీద కాయవచ్చు, ఫక్రుద్దీన్ బట్టతల మీద కాయవచ్చు. నీళ్ల మీద మాత్రం కాయరాదు. మీరిన యెడల సూర్యుని పైన తగు చర్య తీసుకోబడును. ఇట్లు, ఉచ్చీరప్ప, ఐదు పాసు, ఆరు ఫెయిలు.

ఉత్తర్వుకు కారణం కూడా రాసిపెట్టాల. ఈ పొద్దు మగ్గం దిగి ఫక్రుద్దీన్‌తో కాలువ గట్టుకు చేపలకు పోయినాను. ఫక్రుద్దీన్ మా వీధి మొగదల పరుపులు కుట్టేవాడు. నేను ఏడిపించడానికి దేవుడు వాన్ని నాకంటే రెండేండ్లు వెనక పుట్టించినాడు. వానికి రెండు జెల్లలు, ఒక బొచ్చె పడినాయి. నాకు ఏమీ పడలే. నా గాలం బెండు మునిగింది నాకు కనపడలే. నీళ్లు ఎట్లున్నాయంటే, పెండ్లింటి ఇత్తడి గిన్నెలన్నీ ఒకేతూరి తోమి బోర్లించినట్ల.

"అన్నా, నీ బెండు మునిగి శానా సేపాయె. దానికి దినం పెడతావా, లాగుతావా" అన్నాడు ఫక్రుద్దీన్.

లాగితే ఎర లేదు.

నాకు కండ్లద్దాలు పెండ్లి నాటి నుంచి ఉన్నాయి. సోడాసీసా అడుగు మాదిరివి. వాటి తప్పు లేదు. నా కండ్ల తప్పు అసలే లేదు. తప్పంతా తళుకుది.

ఈ డైరీ నాకిచ్చింది శేషప్ప. మాకు నూలిచ్చి గుడ్డ తీసుకునే ఆసామి. ఆదోని పత్తి మండీలో ఎవరో పంచితే, సగం సంవత్సరం అయిపోయినాక నాకు పారేసినాడు. "రాసుకోప్పా, నీ అబద్ధాలు పట్టే పుస్తకం ఇంతకంటే పెద్దది నాకు దొరకలే" అన్నాడు.

5 ఆగస్టు

ఉరుకుంద ఈరన్న జాతరకు పోయే జనం కోసం బస్టాండు ముందర అంగళ్లు పెట్టినారు. దాంట్లో ఒక కూలింగ్ అద్దం తీసుకున్నాను. బంగారు కాడలు. పెట్టుకుంటే నా మొగం నాకే మర్యాద ఇచ్చేటట్లుంది.

చిక్కు ఏమంటే, పవర్ అద్దాలు తీస్తే నేను గుడ్డికోడి. తీయకపోతే నల్లద్దం కూచోడానికి తావు లేదు. అందుకని పవర్ అద్దాల మీదనే నల్లద్దం ఎక్కించి, జారకుండా మగ్గం దారంతో తల ఎనక కట్టుకున్నాను.

"ఏమన్నా, మిద్దె మీద మిద్దె కట్టినావే. పైన బాడుగకు ఇస్తావా" అన్నాడు ఫక్రుద్దీన్.

"ఇస్తా. నీ అట్లాంటి బోడోళ్లకు ఇయ్యను. ఎండ తిరగ్గొడ్తాది" అంటిని.

గట్టు మీద గాలాలేసుకున్న వాళ్లంతా నవ్వినారు. నవ్వించడం నాకు కొత్త కాదు. అయితే నీళ్ల మీద తళుకు పోలే. లోకమంతా నల్లబడింది, తళుకూ నల్లబడింది, ఉండే తావునే ఉంది. బెండు మాత్రం ఆ నలుపులో కలిసిపాయె.

తిరిగొచ్చేటప్పుడు తూము కాడ ఎడమపక్క మెట్టు తప్పి బురదలో కూచున్నాను. జనం చప్పట్లు కొట్టినారు. నేను లేచి అందరికీ సలాం చేసినాను. కావాలనే పడినాను.

6 ఆగస్టు

కావాలనే పడినాను.

9 ఆగస్టు

ఈ పొద్దు పవర్ అద్దాలు జేబులో పెట్టి, ఉత్త నల్లద్దాలతో కూచున్నాను. తళుకు కొంచెం తగ్గింది. దాంతోపాటు నీళ్లు తగ్గినాయి, గట్టు తగ్గింది, ఫక్రుద్దీన్ దూదిమూట మాదిరి అయినాడు. ఆ మూటతోనే శానా సేపు మాట్లాడినాను. నేను మాట్లాడింది నిజంగా దూదిమూటతోనే. వాడు ఎవరికో పరుపు కుట్టను మోసుకపోతా దాన్ని గట్టు మీద దించి, బీడీ తాగను పోయినాడంట. ఊరంతా అయింది ఈ కత. నేనే చెప్పినాను. ఇంకొకరు చెప్పే లోపల మనమే చెప్పుకుంటే అది తమాషా అవుతుంది.

గాలానికి నా చొక్కా పడింది.

12 ఆగస్టు

ఆదోని పోయొచ్చినాను. శ్రావణ గురువారం, బస్సులో ఉరుకుంద జనం ఒకరి మీద ఒకరు. పోయిన శ్రావణంలో హనుమక్కా నేనూ ఇట్లనే పోతా ఉంటే, నేను కండ్లు మూసి, చెయ్యి ముందుకు చాపి, "అమ్మా, కండ్లు లేనోన్ని" అని ఒక సీటు సంపాదించి నా పెండ్లానికి ఇచ్చినాను. ఉరుకుందలో దిగి, కండ్లు తెరిచి, సీటిచ్చినామెకు దండం పెట్టినాను. ఆమె తిట్టిన తిట్లు హనుమక్క ఇప్పటికీ అప్పజెప్తాది, నవ్వుతా.

ఈతూరి ఒక్కన్నే పోయినాను. తొక్కిసలాటలో అద్దాలు ఊడిపోతాయని తీసి జేబులో పెట్టుకున్నాను. నేను ఏమీ అడగలే. కడ్డీ కోసం చెయ్యి చాపినాను, అంతే. ఒక ముసలామె లేచి, నా రెక్క పట్టి కూచోబెట్టింది. "పాపం, యాడికి పోవాల నాయనా" అనె. నటన బాగా కుదిరింది.

ఆదోనిలో యూసుఫ్ సాబ్ అద్దాలంగడి. నా పవర్ అద్దాలన్నీ ఆయన దగ్గర చేయించినవే. సంగతంతా చెప్పినాను. ఆయన నా బంగారు కాడల అద్దాన్ని రెండు వేళ్లతో, చచ్చిన ఎలకను పట్టుకున్నట్ల పట్టుకున్నాడు.

"అప్పా, ఇది ఎలుతురు మీద కంబళి కప్పినట్ల. మంచిదీ చెడ్డదీ అంతా ఒకటే చీకటి. నీకు కావాల్సింది పోలరాయిడ్."

"అదేం రాయి?"

"రాయి కాదప్పా. నీళ్ల మీద పడి లేచే ఎలుతురు ఉంది సూడు, అది పండుకోని వస్తాది. తక్కిన ఎలుతురు నిలబడీ వస్తాది, పండుకోనీ వస్తాది. ఈ అద్దం వాకిలి సందు మాదిరి. నిలబడి వచ్చేదాన్ని రానిస్తాది, పండుకోని వచ్చేదాన్ని ఆపేస్తాది."

రెండు ముక్కలు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించినాడు. అవతల గడియారం కనపడింది. పైముక్కను మెల్లగా తిప్పినాడు. గడియారం మసకబడి, మసకబడి, మాయమైంది. మళ్లా తిప్పితే వచ్చింది. "అసలు పోలరాయిడ్‌కు ఇదే పరీక్ష. బంగారు కాడలు కాదు" అన్నాడు. నేను ఆ ముక్కలు తీసుకోని శానా తూర్లు తిప్పినాను. ఆడుకునే వస్తువు చిక్కిందని నవ్వినాడు.

ఇంక దాన్ని నా కండ్లకు తగిలించేది ఎట్ల అని బేరం. పవర్‌తోనే పోలరాయిడ్ చేయించడం పెద్ద పట్నాల మాట, నా పవర్‌కు యాడా కాదంట. అద్దాల మీద పెట్టుకునే డబ్బా అద్దం ఉంది. అది చూస్తే ఎద్దు కండ్లకు గంతలు కట్టినట్లుంది, పక్కలంతా మూసుకుంటాది. "నీకు పక్కలు మూసేది వద్దు" అన్నాడు, ఎందుకో. చివరికి తేలింది కొక్కెం అద్దం. పవర్ అద్దాలకు పైనుంచి తగిలించేది. కాలువ కాడ దించుకోవచ్చు, నీడకు వస్తే రెప్ప మాదిరి పైకి ఎత్తుకోవచ్చు. రంగు కూడా ఆయనే తేల్చినాడు. నలుపు వద్దు, పచ్చ షోకుకు, మన మట్టి నీళ్లకు టీ డికాషన్ రంగు.

"నీ ఫ్రేము పాతకాలపు గుండ్రం. తయారుగా దొరకదు. బొంబాయి నుంచి ముక్క తెప్పించి నేనే కోస్తా. ముందు పవర్ చూద్దాం రా" అన్నాడు.

అక్షరాల పలక చదివించినాడు. తర్వాత నన్ను తన ముక్కు చూడమని చెప్పి, ఒక పెన్ను నా చెవి పక్క నుంచి ముందుకు తెస్తా, "కనపడంగానే చెప్పు" అన్నాడు. కుడిపక్క చెప్పినాను. ఎడమపక్క ఆయన పెన్ను తేవడం మరిచిపోయినాడేమో అని నేను కాసుకోని కూచున్నాను. కనపడేసరికి పెన్ను ఆయన ముక్కు దగ్గరికి వచ్చేసింది.

యూసుఫ్ సాబ్ పెన్ను ఎనక్కి తీసుకుపోయినాడు. ఇంకోతూరి తెచ్చినాడు. ఇంకోతూరి.

"అప్పా, అద్దం నా పని. కన్ను నా పని కాదు. నువ్వు కర్నూలు కంటి డాక్టరుకు చూపించాల."

"నీ పెన్నులో మసి అయిపోయింది సాబ్, అందుకే కనపడలే" అంటిని.

ఆయన నవ్వలే. నా మాటకు నవ్వనోన్ని నేను శానా ఏండ్లకు చూసినాను.

20 ఆగస్టు

శేషప్ప గుడ్డ పరిచి చూసి, ఎడమ అంచు వేలితో గీసినాడు. "ఉచ్చీరా, ఈ పక్క పోగులు తెగి పారితే ముడెయ్యకుండా నేసినావు. ఇది గుడ్డా, జల్లెడా?"

"గాలి ఆడాల గదా అన్నా, ఎండాకాలం సరుకు" అంటిని.

నవ్వి తీసుకున్నాడు. "ఇంకోతూరి నవ్వను" అని కూడా అన్నాడు.

ఇంట్లో కాలికి చెంబు తగిలి నీళ్లన్నీ హనుమక్క చుట్టి పెట్టిన నూలు కండెల మీద పోయినాయి. ఎడమపక్క పెట్టింది చెంబు. అక్కడ పెట్టకూడదని ఎవరికి తెల్దు?

2 సెప్టెంబరు

యూసుఫ్ సాబ్ ఆదోని బస్సు కండక్టరుతో అద్దం పంపించినాడు. మెత్తటి గుడ్డలో చుట్టి, పైన నా పేరు. నా పేరు మీద పొట్లం రావడం ఇదే మొదలు. వీధిలో అందరికీ చూపించినాను. తగిలిస్తే టక్కున కూచుంది. ఎత్తితే లేస్తుంది, దించితే దిగుతుంది. హనుమక్క చూసి, "రెప్పలు కూడా అంగట్లో కొనుక్కొనొచ్చినావా" అనింది.

రేపు కాలువ.

3 సెప్టెంబరు

దించినాను. తళుకు అట్లనే ఉంది.

ఇంకా ఎక్కువైందేమో అనిపించె. యూసుఫ్ సాబ్‌ను అక్కడికక్కడే నాలుగు తిట్టి, మెడ నొప్పి పుట్టి తల పక్కకు వంచినాను. తళుకు తగ్గింది. ఇంకా వంచినాను. ఇంకా తగ్గింది. గట్టు మీద పూర్తిగా ఒక్కపక్కకు పండుకున్నాను. పోయింది. మొత్తం పోయింది. పెండ్లింటి గిన్నెలన్నీ ఎవరో ఎత్తుకోని లోపల పెట్టినట్ల. ఎంత బాగుండె.

ఏం జరిగిందో నాకు అర్థమైంది. సాబ్ ముక్కను అడ్డం కోసినాడు. నిలబడే ఎలుతురును ఆపి, పండుకునేదాన్ని రానిస్తాంది. నేను పండుకుంటే సమానమైతాది.

అందుకని పండుకోనే గాలం పట్టినాను.

ఫక్రుద్దీన్ వచ్చి నా మీద నీడ పడేటట్ల నిలబడినాడు. "ఏమన్నా, మీ రంగనాయకుల సామి మాదిరి పండుకున్నావు. కాళ్లొత్తమందువా?"

"ఒత్తు. వరమిస్తా" అంటిని.

వాడు నిజంగానే కూచోని కాళ్లొత్తినాడు. గట్టు మీద జనం పొట్టలు పట్టుకున్నారు. అవతల ఇంకో ఇద్దరు కూడా నన్ను చూసి ఒక్కపక్కకు పండుకోని గాలాలు పట్టినారు. ఎవరో మేకల కాపరి, ఈళ్లకేమి రోగం తగిలింది అని పరిగెత్తినాడు.

నవ్వులన్నీ అయినాక మళ్లా నీళ్లు చూసినాను. తళుకు లేదు. బెండు యాడుంది అని వెతికినాను. పండుకోని వెతికితే ఏం దొరుకుతుంది? అద్దం సరిగా కోయాల. నిలబడి చూడాల. అప్పుడు కనపడుతుంది.

11 సెప్టెంబరు

యూసుఫ్ సాబ్ తల పట్టుకున్నాడు. "ముక్క మీద బాణం గుర్తు కాగితం అంటించి ఉంటాదప్పా. ఈతూరి ఊడి వచ్చింది. నేను అందాజుగా కోసినా. తప్పు నాదే. బొంబాయికి మళ్లా రాస్తా."

"తప్పు నీదే అని ఇంకోతూరి చెప్పు సాబ్" అంటిని.

చెప్పినాడు. నాకు ఎంత సంతోషమాయెనో. నా ఇబ్బందికి తప్పు చేసిన మనిషి ఒకడు దొరికినాడు.

"అయితే డాక్టరు కాడికి పోకుంటే అద్దం ఇయ్యను" అన్నాడు మళ్లా.

24 సెప్టెంబరు

కర్నూలు పోయొచ్చినాను. ఊరికే.

25 సెప్టెంబరు

ఊరికే పోలే.

డాక్టరు చీకటి గదిలో కంట్లోకి లైటేసి చూసినాడు. చిన్న వయసు, మంచి మాట. నీటికాసులు అన్నాడు. కంట్లో నీళ్లు పోయే దారి మూసుకోని, వత్తిడి పెరిగి, నరాన్ని కొంచెం కొంచెం తినేస్తాదంట. పక్కల నుంచి మొదలుపెడ్తాదంట. నొప్పి ఉండదు కాబట్టి మనిషికి తెల్దు. ఎడమది శానా పోయింది. కుడిది కూడా మొదలైంది.

"అద్దాలు మారిస్తే?"

"దీనికి అద్దాలు లేవు."

"ఆపరేషన్ చేసి పోయింది తెప్పించేది?"

"పోయింది రాదు. ఉన్నది నిలబడడానికి చుక్కలు రాసిస్తాను. నిలబడుతుందని నేను మాటివ్వలేను. నువ్వు ఇంకా ముందుగా రావాల్సింది."

నీళ్లు బయట తళుక్కుమంటున్నాయని ఇన్నాళ్లూ తిడితినే. లోపల నీళ్లున్నాయని ఎవరు చెప్పినారు నాకు?

అయినా డాక్టరుకు కాలువ సంగతి తెల్దు. మన ఎల్లెల్సీ మీద మధ్యాన్నం తళుకు ఆయన చూడలే. అద్దం రానీ.

26 సెప్టెంబరు

అద్దం రానీ.

8 అక్టోబరు

చుక్కల సీసా కండెల బుట్ట అడుగున పెట్టినాను. హనుమక్క చేతికి చిక్కింది.

"ఇదేంది?"

"కండ్లలోకి."

"కండ్లకేమైంది?"

చెప్పేద్దామనుకున్నాను. చెప్పినాను కూడా. "పోతాండాయంట" అంటిని.

హనుమక్క రాట్నం ఆపి నన్ను చూసింది. నేను నా మామూలు మొగమే పెట్టినాను. నాకు ఉండేది అదొక్కటే. ఈ మొగంతో నేను ఆమెకు ఏమేం చెప్పలే ఇన్నాళ్లూ? మేనమామ సచ్చిపోయినాడని చెప్పి ఏడిపించి, తలుపు ఎనకనుంచి మేనమామనే పిలుచుకొచ్చినోన్ని.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. "పోయిన శ్రావణంలో బస్సులో పోయినాయి, ఉరుకుందలో దిగంగానే వచ్చినాయి. ఈతూరి యాడ దిగితే వస్తాయి?"

కొంగుతో కండ్లు తుడుచుకునేంత నవ్వింది. నేనూ నవ్వినాను. ఏం జెయ్యాల. ఇంకోతూరి చెప్పాలంటే ఇంకో మొగం కావాల, అది నా దగ్గర లేదు.

సీసా మాత్రం తీసి గూట్లో పెట్టింది, పగిలిపోతాదని.

17 అక్టోబరు

ఎడమ కన్ను మూసి చూసినాను. కుడి కన్ను మూసి చూసినాను. రెండోది మళ్లా చెయ్యను.

30 అక్టోబరు

అద్దం వచ్చింది. ఆదోనికి నేనే పోయి తెచ్చుకున్నాను. సాబ్ అంగడి ముందర నీళ్ల బకెట్ పెట్టి, ఎండలో పరీక్ష చేయించినాడు. నిలబడి చూస్తేనే తళుకు మాయమైంది. పండుకుంటే వచ్చింది. ఈతూరి సరిగ్గా కోసినాడు. తప్పు దిద్దుకున్నాడు. ఇంక ఎవరి తప్పూ లేదు.

"డాక్టరు ఏమన్నాడు అప్పా?"

"చేపలు పట్టమన్నాడు సాబ్. కండ్లకు మంచిదంట."

సాబ్ నా చెయ్యి పట్టుకోని రోడ్డు దాటించినాడు. నేను అడగలే.

31 అక్టోబరు

ఈ దినం డైరీలో పెద్దక్షరాలతో రాయాల.

కాలువలో నీళ్లు తేరినాయి. మధ్యాన్నం ఎండ నెత్తి మీద. ఫక్రుద్దీన్ పక్కన కూచున్నాడు. నేను రెప్ప దించినాను. నీళ్ల మీద తళుకంతా ఒక్క దెబ్బకు పోయింది. నీళ్లు గాజు మాదిరి తెరుచుకున్నాయి. అడుగున రాళ్లు, పాచి, ఎవరో పారేసుకున్న రబ్బరు చెప్పు. తూము అవతల పెద్ద రాయి ఉంది. దాని కింద నీడలో పండుకోని ఉంది, వాలుగ. నా చెయ్యంత పొడుగు. వెండి పొట్ట. వెడల్పాటి మూతి, ఆవులించినట్ల తెరిచి మూస్తాంది.

"ఫక్రూ, మెదలొద్దు. రాయి కింద చూడు" అంటిని.

"నాకేం కనపడతాదన్నా, అంతా తళుకు. నీ అద్దం ఇట్లియ్యి."

తీసి ఇచ్చినాను. వాడు రెండు చేతులతో కండ్ల ముందర పట్టుకోని చూసినాడు. శానా సేపు చూసినాడు. రాయి పక్క చూసినాడు, నా పక్క చూసినాడు, మళ్లా రాయి పక్క చూసినాడు.

"ఉంది అన్నా" అన్నాడు.

"ఉంది గదా?"

"ఉంది. ఎంత పెద్దదో. మీసాలు కదుపుతాంది."

"అవును, మీసాలు కదుపుతాంది" అంటిని.

ఇద్దరం గాలాలు ఆ పక్కకే వేసినాము. పొద్దు గూకే దాకా కూచున్నాము. పడలే. వాలుగ తెలివైంది, తొందరగా పడదు. పడకపోయినా ఏమి. కనపడింది. డాక్టరు చెప్పింది తప్పు. నాకు కావాల్సింది అద్దమే.

4 నవంబరు

ఫక్రుద్దీన్ వీధంతా చాటినాడు. ఉచ్చీరన్నకు కొత్తద్దంలో వాలుగ కనపడింది, నేనూ చూసినా అని. నా మాట ఒక్కటే అయితే ఎవరూ నమ్మరు. వాడు అబద్ధం రాని మనిషి. ఒక పరుపులో పాత దూది కలిపితే, కొన్నోనికి తానే పోయి చెప్పొస్తాడు. అందుకని అందరూ నమ్మినారు. శేషప్ప మగ్గం కాడికి వచ్చి అద్దం తగిలించుకోని చూసి, "బొంబాయి వాళ్లు గట్టోళ్లప్పా" అని పోయినాడు.

హనుమక్క మసాలా నూరింది. ధనియాలు, ఎండు కొబ్బెర, ఎల్లిపాయ. "రేపు తెస్తావా?"

"రేపు" అంటిని.

9 నవంబరు

రేపు.

13 నవంబరు

మసాలా పాడైపోతాదని హనుమక్క గోరుచిక్కుళ్లలో వేసేసింది.

శేషప్ప నూలు పంపలే. "కొంచెం దినాలు ఆగప్పా" అని చెప్పి పంపినాడు. ఈతూరి నవ్వలేదంట. మగ్గం గుంటలో ఊరికే కూచోని పోగు మోసే నాడెను అటు తోసినాను, ఇటు తోసినాను. కుడి నుంచి పోతాది. ఎడమకు పోయినాక లేదు. చేతికి తగిలితే ఉందని తెలుస్తాది.

21 నవంబరు

కొన్ని సంగతులు ఈమధ్య చూసినాను. చూసినాను అని రాయడం కూడా నవ్వే.

హనుమక్క చెంబు కుడిపక్క పెడతాంది. ఎప్పటి నుంచి మార్చిందో తెల్దు. చుక్కల సీసా గూట్లో ఉండేది, ఇప్పుడు ఆమె దిండు కాడ ఉంది. పొద్దున్నే వచ్చి, "తల ఎత్తు" అంటాది. వేస్తాది. పోతాది. నేను నోరు తెరిస్తే తమాషా మాట వస్తాదేమో అని నాకు భయంగా ఉంది.

ఫక్రుద్దీన్ దినమూ వస్తాడు. "పా అన్నా, నీ వాలుగను చూద్దాం" అంటాడు. తూము కాడ మెట్లు వచ్చేసరికి, "మోకాలు పట్టేసింది, నన్ను పట్టుకో అన్నా" అని నా చెయ్యి తీసి తన భుజం మీద ఏసుకుంటాడు. దూదిమూట నెత్తి మీద పెట్టుకోని ఆదోని దాకా నడిచే మనిషి వాడు. వాని మోకాలికి ఎప్పుడూ ఏమీ కాలే. వాని మీద నేను వేసిన ఏషాలకు లెక్క లేదు, వాడు నా మీద వేసింది ఇదొక్కటే. పట్టుకోని మెట్లు దిగుతాను. ఒకటి, ఇంకొకటి అని వాడు నోట్లోనే అనుకుంటా దిగుతాడు, నాకు వినపడేటట్ల.

కూచున్నాక అద్దం అడిగి తీసుకుంటాడు. చూస్తాడు. "ఈ పొద్దు కొంచెం అవతలికి జరిగింది అన్నా" అంటాడు. లేకుంటే, "ఈ పొద్దు పిల్లలతో ఉంది" అంటాడు. నేను నవ్వుతాను. వాడు నవ్వడు, నీళ్లనే చూస్తా ఉంటాడు.

అందుకని నా కోసం ఒక్కటి సరిగ్గా రాసిపెట్టాల. అక్షరాలు వంకర పోతాంటే పోనీ.

31 అక్టోబరున తళుకు పోయింది నిజం. సాబ్ అద్దం మంచిది, దానికి వంక లేదు. తళుకు పోయినాక, నీళ్లుండాల్సిన తావున ఉతికి ఆరేసిన పాత గుడ్డ మాదిరి ఒక తెలుపు ఉన్నింది, అంతే. అడుగు కనపడలే. రాయి కనపడలే. చెయ్యంత పొడుగు, వెండి పొట్ట, తెరిచి మూసే మూతి, అంతా ఫక్రుద్దీన్ పక్కన కూచోని అప్పటికప్పుడు నేను అల్లింది. వాలుగ లేదు. ఎప్పుడూ లేదు.

మీసాలు మాత్రం నేను అల్లలే. మీసాలు వాడు పెట్టినాడు.